ముఖారికి పదిహేను నిమిషాలు

పర్లాకిమిడి హైస్కూల్లో ఏడో గది.
నల్లబల్ల మీద నిన్నటి త్రికోణం ఎవరూ తుడవలేదు.
దాని కింద తుండు పరిచి
సన్నాయి పెట్టుకు కూర్చున్నాడు కూర్మయ్య,
హాల్ టికెట్ నంబరు పదకొండు,
వయసు గడిలో అరవై రెండు.

గుడిలో ఊదడానికి ఇన్నాళ్ళూ ఎవరూ కాగితం అడగలేదు.
కొత్త ఆఫీసరు అడిగాడు.
డిప్లొమా ఉంటే జీతం, లేకపోతే బత్తెం.

ప్రశ్నపత్రం ఒడియాలో ఉంది. చదివి తెలుగులో చెప్పాను:
ముఖారి రాగ లక్షణములు వ్రాయుము. ఐదు మార్కులు.
"నానేటి రాత్తానమ్మా. ఊదమంటే ఊదుతాను."
"ఎక్కేటప్పుడు ఒక ధైవతం, దిగేటప్పుడు వేరొకటి.
ఎందుకో చెప్పండి, చాలు."
"కొండెక్కిన మోకాలూ దిగిన మోకాలూ ఒకటేటమ్మా?"
బరంపురం నుంచొచ్చిన మహాపాత్రో గారు
తెలుగు అందక నా వంక చూశారు.
ఆ మోకాళ్ళని ఒడియాలోకి మార్చబోయి, చేతకాక,
"చతుశ్రుతి, శుద్ధ" అన్నాను.
ఆయన టిక్కు పెట్టారు.

కూర్మయ్య నన్ను గుర్తుపట్టలేదు.
పట్టడానికి ఎప్పుడు చూశాడు గనక!
వాళ్ళింట్లో సన్నాయి కొడుకులది, మేనల్లుళ్ళది.
నేను వెనక సందులో,
కొమ్ము దువ్వెనలకి మా నాన్న ఆకురాయి పెడుతుంటే
ఆ రాపిడిని దాటుకుని గోడకి చెవి ఆన్చిన పిల్లని.
నాకు తలుపు తీసింది కాలేజీయే.
ఫీజు రశీదు, సిలబస్,
ఏ రాగాన్నయినా మూడో పేజీకి ముగించే వయొలిన్ మేష్టారు.
దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.
ఇవాళ మెచ్చుకోడానికీ రావడం లేదు.

మనిషికి పదిహేను నిమిషాలు.
పీక నోట్లో పెట్టుకు తడపడానికే నాలుగు పోయాయి.
తర్వాత రిషభం మీద నిలబడ్డాడు.
నౌపడ చిన్నరైలు ఎత్తెక్కుతుంటే
జనం దిగి పక్కన నడిచేవారట, మా అమ్మ చెప్పేది.
అలాగే మేం దిగిపోయాం,
స్వరం పక్కన నడిచాం, చెప్పులు చేత్తో పట్టుకుని.
మధ్యమం దాటాక ఒక చోటుంది.
మా పుస్తకంలో అక్కడ ఖాళీ.
ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత ఆ ఖాళీని
శుభ్రంగా గెంతిస్తున్నాను.

గంట కొట్టారు. ఆయన పైషడ్జం ఇంకా చూడనే లేదు.

షీటులో శ్రుతికి పది, తాళానికి పది, వినయానికి రెండు.
మహాపాత్రో గారు పెన్ను మూత తీసి పట్టుకుని
కిటికీ వైపు తిరిగి అన్నారు
"రాగం పూర్తి చెయ్యలేదు కదా"
మెల్లిగా, తప్పు తనదైనట్టు.

కూర్మయ్య తుండు దులుపుకున్నాడు.
"పేసైపోనానేటమ్మా?"
"పోస్టులో వస్తుంది" అన్నాను.

వెళ్ళాక చూశాను, పీక మరిచిపోయాడు.
ప్రశ్నపత్రం మీద, ఇంకా తడిగా.
దాని కింద గుండ్రటి అక్షరాలు కొన్ని
ఉబ్బి, ఒకదాన్లోకొకటి పోయాయి.

నంబరు పన్నెండు లోపలికొచ్చి నమస్కారం పెట్టింది.
గడగడా ఆరోహణ అప్పజెబుతోంది.
ఎక్కడా తడబడటం లేదు.
నేను నేర్పినట్టే.