మూడో పీలిక

బిల్లసర్గం గవి నోట్లో
గోడకు నిలువుగా తాడు కట్టినారు.
తాడుకు ఎర్రగుడ్డ పీలికలు, మూరకొకటి.
ఒక్కో పీలిక ఒక్కో కాలమంట.

నాపరాళ్ళ గనిలో పదేండ్లు పలకలు లేపినోణ్ణి,
సుత్తి గుంజుకొని
పండ్లు తోముకునే బుర్సు చేతికిచ్చినారు.

"మద్దిలేటీ, పైన గబ్బిలాల పెంట,
దాని కింద ముళ్ళపంది,
ఇదిగో, ఖడ్గమృగం ఇక్కడ మొదలు.
తారీఖులు లేనప్పుడు పండ్లే తారీఖులు"
అనింది నళినాక్షి మేడం.

ఖడ్గమృగం!
బేతంచెర్ల సంతలో ఎవరూ తోలుకురాని జంతువు
ఈ కంపచెట్ల గుట్టల్లో గడ్డి మేసిందంటే
జల్లెడ పట్టిన ఉసేనమ్మ నోరు తెరిచి
మళ్ళా మూసుకుంది, వక్కాకు పడిపోతాదని.

నాకేం వింత కాలేదు.
మా యింట్లో కాలం ఎప్పుడూ నాలుగు కాళ్ళ మీదే నడిచింది.
కర్రావు ఈనిన ఏడు మా అన్న పుట్టినాడు.
గొర్రెలకు గాలికుంటు తగిలిన ఏడు నేను బడి మానినా.
ఎద్దుల్ని అమ్మి ట్రాక్టరు బాడిగకు పెట్టినాక
మా నాయన ఏండ్లు చెప్పడం మానుకున్నాడు.
"మొన్న" అంటాడు, "ఆమధ్య" అంటాడు,
పట్టుకోను తోక లేక.

పెద్ద ఎముక బయటపడితే అందరూ ఉరికొస్తారు,
ఫోన్లు పైకెత్తుతారు.
మేడం మాత్రం నా జల్లెడ మీదికి వంగుతాది
కొర్రగింజంత పన్ను కోసం.
ఎలుకది.
"పెద్ద జంతువు నిదానం, మద్దిలేటీ.
ఎలుక నిలకడ లేనిది,
తొందరతొందరగా పన్ను దిద్దుకుంటుంది.
గడియారంలో చిన్న ముల్లు అదే."

గాదెలో దూరిందని చెప్పుతో కొట్టినోణ్ణి,
దాని తాతలతాత పన్నును దూదిలో పండబెట్టి
డబ్బా మూత బిగించి
చీటీ రాసినా: ఉత్తరం గోడ, మూడో పీలిక.

ఆ పీలిక కిందనే జానెడు మందం
ఉత్త ఎర్రమన్ను.
మూడు దినాలు జల్లించినాం. ఎలుక లేదు, గబ్బిలం లేదు.
"ఇది ఎవురి కాలం మేడం?"
ఆమె చానాసేపు గోడను చూసి
చీటీ ఖాళీగా ఉంచమనింది.

పొద్దుమునిగి ఇల్లు చేరితే
నులకమంచం మీద నాయన,
"ఎద్దులకు నీళ్ళు పెట్టినావా?" అన్నాడు.

పెట్టినా, అన్నా.
గోళ్ళ సందున మన్ను ఇంకా పోలేదు.