రేవు పక్కన జెరాక్స్ కొట్టు

కొత్త విండోస్ ఈ పాత పెట్టెలో
కాలు పెట్టనంది.
కొత్త పెట్టెకి ముప్పై వేలు.
సఖినేటిపల్లి రేవులో
రెండ్రూపాయల నకళ్ళు ఎన్ని తీస్తే అంతవుతుంది?

పాలిటెక్నిక్ కుర్రాడు ఏసుపాదం
పెన్‌డ్రైవ్ జేబులో వేసుకొచ్చి
పంటు నరసాపురం వెళ్ళి తిరిగొచ్చేలోగా
లినక్స్ ఎక్కించేశాడు.
"చూడు నూకరత్నమక్కా,
మెనూ అక్కడే, గడియారం అక్కడే."

నిజమే.
చెరువు లీజు కాగితాలు, ఆధార్లు, పింఛను ఫారాలు,
ప్రింటరు కిక్కురుమనలేదు.
లోపలేముందని ఒక్కరూ అడగలేదు.
పంటెక్కేవాడు ఇంజను ఎవరిదని అడుగుతాడా?

ముహూర్తాలొచ్చాయి.
అను ఫాంటులో దాచిన పాత శుభలేఖ తెరిస్తే
పెళ్ళికూతురి పేరు చోట
డాలరు గుర్తులు, తోక తెగిన ఇంగ్లీషు ముక్కలు.
మేనమామ కార్డు వంక కాదు,
నా మొహం వంక చూశాడు.

ఆ రాత్రి కార్డంతా
యూనికోడ్‌లో మళ్ళీ కొట్టాను,
ఒత్తు ఒత్తుకీ ఏసుపాదాన్ని తిట్టుకుంటూ.
తెల్లారి వాడికే టీ చెప్పాను.

పెద్ద వంతెనకి ఇది సాటొస్తుందా అంటే
ఏమో.
చించినాడ మీదుగా చుట్టు తిరిగే ఛార్జీ లేనివాళ్ళు
సైకిళ్ళతో, మేకలతో, తడిసిన చెప్పులతో
రోజూ గట్టెక్కుతూనే ఉన్నారు.