బాయి మీద

క్లోమం అనేదొకటి ఒంట్ల ఉంటదని
నీ కండ్లు పచ్చబడ్డంకనే తెలిసింది, లసుంబాయీ.
రాజురా పోయి మూడు ఐతారాలు పసరు తాగిస్తి.
పచ్చదనం పోలే. గోకుడు పోలే.

చాందా దవాఖానల డాక్టరమ్మ వైరాగడే
కాయితం మీద బొమ్మ గీసింది.
"పొట్టంత చీల్చం. ఐదు రంధ్రాలు. లోపలికి దీపం."
ఆమె మరాఠీ నాకు సగమే అందింది,
పని మాత్రం మొత్తం అందింది.
ఓపెన్‌కాస్ట్ కాదిది, గుట్టను తవ్వి పారబోసుడు కాదు.
మా బల్లార్షా బాయి పనే:
సన్నటి దారిల దిగాలె,
నెత్తురు నాళాలను పిల్లర్ల లెక్క ముట్టకుండ వదిలి
నడుమ చెడ్డదాన్నే తెంపుకొని ఎక్కాలె.

"చోటు కోసం కడుపుల గాలి నింపుతం" అన్నది.
ఏం గాలని అడిగిన. చెప్పింది.
బాయిల దీపాన్ని మింగే గాలి అదే.
దుర్గం బానయ్యను పాత గ్యాలరీల
కూసున్నోన్ని కూసున్నట్టే ఆర్పేసిన గాలి.
నా మొఖం జూసి "ఘాబరూ నకా" అన్నది.
ఘాబరా మనదే. నకా ఒక్కటే వాళ్లది.
దాన్ని పట్టుకొని సంతకం పెట్టిన.

పొద్దుగాల ఏడున్నర, ఫస్ట్ షిఫ్ట్ యాళ్లకు
నిన్ను తోసుకపోయిండ్రు.
నీ మట్టెలు, పుస్తెలతాడు కవర్ల ఏసి నా చేతిల పెట్టిండ్రు,
ల్యాంపురూముల బిళ్ల ఉంచుకున్నట్టు:
మనిషి ఇంకా లోపలున్నదని గుర్తు.

ముప్పైయొక్క ఏండ్లు నేను దిగిన, నువ్వు మీదున్నవ్.
ఇయ్యాల నేను మీద.
ఈడ సైరన్ కూయదు.
ఎక్కొచ్చేటోళ్లను అడుగుదామంటే ఎవ్వరూ ఎక్కిరారు.
సెకండ్ షిఫ్ట్ యాళ్ల గూడ దాటింది.
మీదున్నోళ్లు ఇంతసేపు ఊపిరెట్ల తీస్తరు, లసుంబాయీ?

డాక్టరమ్మ బయటికొచ్చింది.
నుదుటి మీద టోపీ పట్టీ వాత. ఆ వాత నాకెరుక.
"తీసినం. మిగిలింది రిపోర్టు చెప్పాలె, పదిహేను రోజులు."
పైకప్పును కట్టెతోని కొట్టి చూసినట్టు
ఆమె గొంతును విన్న. బోలు చప్పుడేం రాలే.
అంతకన్న నాకు తెల్వది.

నాలుగో దినం దుప్పటి తీసి చూపెట్టినవ్:
ఐదు చిన్న పట్టీలు, బొడ్డు కింద ఇంకోటి, జరంత పెద్దది,
దాన్ని బయటికి తెచ్చిన దారి.
పక్కన నా ముంజేయి పెట్టిన,
తోలు కింద బొగ్గు దిగి నీలంగ మిగిలిన గాట్లు.
నువ్వు వాటిని చూడనే లేదు.
"ఆ దినం బయట కూసోని ఏం తిన్నవ్?"

ముప్పైయొక్క ఏండ్లల నేను ఒక్కపారి అడగని మాట.
టిపిని మూత తియ్యలేదని చెప్పలే.
"జొన్నరొట్టె" అన్న.
ఎట్ల ఎరుకైందో నీకు,
నవ్వబోయి కుట్లు పట్టుకున్నవ్.