తాడు మార్చాలి

ముందు గుడ్డపేలిక.
ఇనుప తాడును దాంతో పిడికిట పట్టి
మెల్లగా కిందికి లాగుతాను.
పోగు ఎక్కడ చిక్కుకుంటే
అక్కడో తీగ తెగినట్టు.
సుద్దతో గుర్తు పెడతాను. ఇప్పటికి రెండు.

పెన్రిన్ పడవల యార్డులో నవంబరు.
ఆటుకు నీళ్ళు తీసేసుకున్న ఏరు
పడవల్ని బురద మీద పక్కకి ఒరిగించి పడుకోబెట్టింది.
వానా కాదు, మంచూ కాదు,
మొహానికి తడిగుడ్డ తగిలినట్టు ఒక గాలి.

ఇది పుట్టింది యాభై ఎనిమిదిలో, సండర్లాండ్‌లో.
పసుపు గీరితే కింద ఆకుపచ్చ,
అదీ గీరితే బూడిద రంగు,
ఆ కింద ఏదో సైన్యం నంబరులో సగం: ఏడు, సున్నా,
మిగతాది తుప్పు తినేసింది.
మన భాషలో దీనికి పేరు లేదు. క్రేనే.
నాకు మాత్రం ఏతం గుర్తొస్తుంది,
ఒక కొసన బరువు, ఒక కొసన మనిషి,
మధ్యలో కిర్రుమనే నమ్మకం.

నడిపేది డెన్జిల్ ట్రెగెంజా.
డెబ్బై ఒకటి. ఎడమ చెవిని ఇంజనుకి ఇచ్చేశాడు.
సీటు మీద మడిచిన గొర్రెతోలు,
అద్దానికి అంటించిన ఆటుపోట్ల పట్టిక,
మీటల మీద అతని అరచేతులు అరగదీసిన నునుపు.
కొత్తవాడు కూర్చుంటే చెయ్యి జారుతుంది.
హీటరు నొక్కి ఇరవై లెక్కపెడతాడు.
పద్దెనిమిది దగ్గర దగ్గొస్తుంది,
దానికో, అతనికో.

నాలుగు కాంక్రీటు దిమ్మలు. అయిదు టన్నులు.
డీజిలు కరెంటు పుట్టిస్తుంది, కరెంటు డ్రమ్ము తిప్పుతుంది,
అందుకే ఎత్తేటప్పుడు ఇది అరవదు.
పక్కగదిలో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఉంటుంది.
దిమ్మలు నేల వదిలాయి.
కింద నలిగిన గడ్డి. ఒక నత్త.

ఎక్కడున్నానో మర్చిపోయాను.
సైగ చాలినదానికి నోరు తెరిచి
విశాఖ రేవులో అప్రెంటిసు రోజుల కేక వేశాను:
"ఆరియా! ఆరియా!"
కలాసీల మాట. దించమని.
ఏ దేశపు ఓడ ఆ మాటను మా రేవులో దించిపోయిందో.

డెన్జిల్‌కి వినపడలేదు.
వినపడినా తెలీదు.
నా అరచేయి నేలవైపు తిరగడం చూశాడు, అంతే,
బరువు వచ్చి పాత గుర్తుల్లోనే కూర్చుంది.
నత్త సంగతి నేను చూడలేదు.

యజమానురాలు మోర్వెన్నా టీ కప్పుతో వచ్చి
"ఈ ఏడాదైనా చంపేస్తున్నారా?" అంది.
కొత్తదాని ధర ఆమె ఫోనులో ఉంది.
చూపించబోయి మళ్ళీ జేబులో పెట్టేసుకుంది.

డ్రమ్ము అడుగున, ఎప్పుడూ వెలుగు చూడని చుట్లు
చివరిదాకా విప్పించాను.
అక్కడ జానెడు పొడవులో తొమ్మిది తీగలు.
నా దగ్గరున్న పుస్తకం అన్ని ఒప్పుకోదు.
బ్రేకు బాగుంది. ఇరుసు బాగుంది.
కొక్కెం నోరు కొలిచాను,
ఇన్నేళ్ళలో వెంట్రుకవాసి సాగలేదు.
మనుషుల్లో అంత నోటి అదుపు నేను చూడలేదు.
"క్రేను కాదు," అన్నాను. "తాడు."

నా కాగితంలో వయసుకి గడి లేదు.
ఎత్తుతుందా, ఆపుతుందా, దించుతుందా, అంతే.
అయినా రాసేటప్పుడు పెన్ను ఒక క్షణం ఆగింది,
చలికేమో.

డెన్జిల్ ఏమీ అనలేదు.
విప్పిన తాడును పారెయ్యొద్దని మాత్రం సైగ చేశాడు.
ఇంటి వెనక చిక్కుడు పాదుకు కావాలట.
అయిదు టన్నులు మోసిన తాడు, చిక్కుళ్ళకి!
నవ్వితే అతనికి కింది పళ్ళు రెండే.

కొత్త తాడుకి మూడు వారాలు.
అంతదాకా జిబ్బు దించి, దుంగల మీద ఆన్చి,
టార్పాలిన్ కప్పారు.
'కిట్టీవేక్' అనే నీలం పడవొకటి
చలికాలం ముదిరేలోపు గట్టెక్కాలి.
పోటు తిరిగి వస్తోంది.
బురదలోంచి దాని అడుగు మెల్లగా ఊడి,
ఒకసారి ఊగి,
లంగరు గొలుసు దగ్గర ఆగింది.