తెల్ల చుక్క

మదర్‌బోర్డు మీద, బ్యాటరీ పక్కన
పెసరగింజంత తెల్ల చుక్క ఉంటుంది.
తడి తగిలితే ఎర్రబడుతుంది.
కంపెనీ వాళ్ళు ముందు చూసేది దాన్నే,
తరవాతే మీ ముఖం.

ఉలాన్‌బాతర్‌లో, నారన్‌తూల్ బజారు వెనక
పదకొండు మెట్లు దిగితే నా కొట్టు.
"చోయిజిల్ అన్నా, ఏది కొనమంటావు?
ఎవరి వారంటీ మంచిది?"
సెప్టెంబర్ వస్తే రోజుకి పదిమంది.

వెండిరంగు కంపెనీ మర్యాద గొప్పది.
ఫోన్ చేస్తే సంగీతం,
సంగీతం తరవాత క్షమాపణ,
ఆ తరవాత మళ్ళీ సంగీతం.
యంత్రాన్ని విమానమెక్కించి సింగపూర్ పంపుతారు.
ఇరవయ్యారో రోజున తిరిగొస్తుంది
తళతళా తుడిపించుకుని,
"లోపమేమీ కనబడలేదు" అన్న చీటీతో.
నిజమే. అక్కడ ఉక్కపోత కదా,
హాయిగా వెలిగే ఉంటుంది.

నల్లపెట్టె కంపెనీ మూడేళ్ళిస్తుంది.
తయారైన రోజు నుంచి లెక్క,
మీరు కొన్న రోజు నుంచి కాదు.
ఓడలో, గోదాములో, రైలుపెట్టెలో
అది నిద్రపోతుండగానే
ఒక ఏడాది తీరిపోతుంది.

చాకంత పల్చనిది ఇంకోటుంది.
లోపల స్క్రూల బదులు జిగురు.
బ్యాటరీ మార్చాలంటే కీబోర్డు మార్చాలి,
కీబోర్డంటే మూత,
మూతంటే
కొత్తది కొనుక్కోమని నవ్వుతారు.

కిందటి ఫిబ్రవరిలో ఓయుందారి వచ్చింది.
పశువైద్యం ఆఖరి ఏడు.
గడ్డికి మంచు తాళం వేసే శీతాకాలాన్ని
మేం జుద్ అంటాం.
ఆ జుద్‌లో గుడారం గుడారానికీ తిరిగి
చచ్చిన పశువుల్ని లెక్క రాసిన పిల్ల.
మోటారుసైకిల్ మీద, మైనస్ ముప్ఫై ఎనిమిదిలో
సంచిలో లాప్‌టాప్.
గుడారంలోకి రాగానే పొయ్యి పక్కన మూత తెరిచింది.
అంతే, యంత్రానికి చెమట పట్టింది.
చుక్క ఎర్రబడింది.

"ద్రవ నష్టం. వారంటీ వర్తించదు."
"టీ కూడా ఒలకలేదన్నా," అంది.
నాకు తెలుసు.
చలిలోంచి లోపలికొచ్చిన తాతల కళ్ళద్దాలు
మసకబారడం చూడనివాడు ఈ ఊళ్ళో లేడు.
కంపెనీకి నేనే ఉత్తరం రాశాను:
తడి బయటినుంచి పడలేదయ్యా, గాలిలోంచే దిగింది.
"మీ అభిప్రాయం మాకెంతో విలువైనది"
అని జవాబొచ్చింది. మూడు భాషల్లో.
మా భాష లేదు.

పళ్ళు తోముకునే బ్రష్షు, ఆల్కహాలు,
ఓ పాత బోర్డు నుంచి పీకిన చిప్పు,
రెండు రాత్రులు.
తెర వెలిగితే నవ్వుతుందనుకున్నాను.
నవ్వలేదు. ఫైలు వెతికింది.
నూట అరవై మూడు ఉన్న చోట పదకొండు.
నాలుగొందల చోట ముప్ఫయ్యేడు.
పెదాలు కదిలిస్తూ కిందిదాకా చదివింది.
నేను టీ పెట్టడానికి లేచాను.

ఏది కొనాలో అడిగారు కదూ.
లావుపాటి బూడిదరంగుది కొనుక్కోండి.
అందం లేదు, ఈ నగరంలో సర్వీసు సెంటరూ లేదు,
ఆశపెట్టి చంపేవాడు లేడన్నమాట.
ఎనిమిది స్క్రూలూ ఒకే కొలత.
మీ మేనమామైనా విప్పగలడు.

నా వారంటీ అట్టముక్క మీద రాసిస్తాను:
మూడు నెలలు. చలి కూడా చేరి.
లోపలికి తెచ్చాక రెండు గంటలు తెరవొద్దు,
ముందు నువ్వు వేడెక్కు.

మూత బిగించేముందు అడిగాను,
కొత్త తెల్ల చుక్కల చుట్ట నా దగ్గరుంది,
ఒకటి అతికించనా, ఎవరికీ తెలియదు.
వద్దంది.
"అది అబద్ధం చెప్పలేదుగా.
వాళ్ళకే చదవడం రాలేదు."

సగం డబ్బిచ్చింది.
మిగతాది గొర్రెలు ఈనాక అంది.
ఏ గొర్రెలని
నేనడగలేదు.