రేగడిదిన్నె

నందికొట్కూరు పక్క కాలనీకి
ఓటర్ల జాబితా దిద్దను పోతి.
నూటాపది ఇండ్లు.
అరవైనాలుగు గడపల్లో ఒకటే ఇంటిపేరు:
రేగడిదిన్నె.

"అందరూ దాయాదులేనా?" అంటి.
మాబున్ని నవ్వె, గోడకవతల సుంకులమ్మా నవ్వె.
"మేం దూదేకులోళ్లం, వాళ్లు బోయోళ్లు,
యాడి దాయాదులు సామీ!
డ్యాం కట్టేప్పుడు పరిహారం రాసే గుమాస్తా
ఇంటిపేరేందంటే తెల్లమొగాలేస్తిమి.
ఊరిపేరే రాసుకొనె."

దిన్నె అంటే మిట్టే కదా,
నీళ్లు దాన్నీ ఎక్కినాయి.

రాసీ రాసీ అలవాటుపడిన నా పెన్ను
డెబ్బైరెండో ఇంటికి అడక్కుండానే రాసేసింది.
"కొట్టెయ్ నాయనా, మాది చిటికెల,"
అన్నాడు అరుగుమీది ముసలాయన.
కొత్తగా వచ్చినోడంట,
ముప్పై యేండ్లయింది.

ఆ యేడు ఎండలు ముదిరి
డ్యాంలో నీళ్లు అడుగంటినాయి.
రెండు ట్రాక్టర్లు మాట్లాడుకొని
సద్దులు కట్టుకొని పోయినారు
ఇంటిపేరును చూసొచ్చేదానికి.
మొండిగోడలు, ఎవరిదో గాటిపాడు,
బురదలో సగం దిగిన రోలు.

నేను మళ్లీ సంతకాలకు పోయేసరికి
ఆ రోలు సుంకులమ్మ వాకిట్లో ఉంది.
పైన ఎండ చురచుర.
చెయ్యి పెట్టి చూస్తి,
లోపల ఇంకా తడి.