తొమ్మిదిన్నరకే

ఈ రాత్రి తొమ్మిదిన్నరకే
నీకు యాభై నాలుగు నిండినాయి.
గడియారం మనదే, తేదీ వాళ్లది.
నాన్‌చాంగ్‌లో పన్నెండు కొట్టిన నిమిషానికి
చిత్తూరు గ్రీమ్స్‌పేటలో నీ ఫోను టింగుమంది.
నువ్వేమో దోమతెర లోపల
అప్పుడే గురక మొదలుపెట్టినావు.
బైపాసు మీద తోతాపురి లారీలు వరస కట్టి
గుజ్జు ఫ్యాక్టరీ గేటు తెరిచేదాకా
పండుతూ నిలబడినాయి.
కిటికీ మూసినా ఆ తీపి లోపలికొస్తాంది.

జూన్ పది నీ పుట్టినరోజు కాదని
నాకూ తెలుసు, మీ అమ్మకీ తెలుసు.
ఎప్పుడు పుట్టినాడత్తా అంటే
"కాయలు కోసే దినాలు లేమ్మే, రాత్రి వాన,
దీపం ఆరిపోతే చీకట్లోనే బొడ్డు కోసినారు" అంటుంది.
బంగారుపాళ్యం బళ్లో అయివారు
మీ నాయన మొహం చూసి, బయట ఎండ చూసి
రిజిస్టర్లో తోచిన అంకె రాసుకున్నాడు.
నీకు నలభై ఆరేళ్లు వచ్చేదాకా
ఆ అంకెకి
ఒక్క గిన్నె పాయసమైనా దక్కలేదు.

ఆఫీసులో నీ పాస్‌పోర్టు నకలు చూసినారంట పిల్లకాయలు.
లిఫ్టు లేని ఏడో అంతస్తుకి మెట్లెక్కి
తడిసిన గొడుగులు తలుపు బయట ఆరేసి
పద్నాలుగు మంది వచ్చినారు.
కేకు మీద చిట్టి టమాటాలు.
మదనపల్లి మార్కెట్లో ధర లేక పారబోసేవాటిని
ఇక్కడ కిరీటం చేసినారే అని నువ్వు నవ్వితే
ఎందుకో తెలీకుండానే వాళ్లూ నవ్వినారు.
చెంగల్రాయుడు వాళ్ల నోట్లో పట్టక
చెన్ లావ్‌షీ అయినావు,
అక్కడ వీధికి నలుగురు చెన్‌లు.
నన్నేమో షీమూ అన్నారు.
అయివారి భార్య, అమ్మ లెక్క, అని
ఫోన్లో వెతికి చూపించినాడు షు కాయ్.
పిల్లల్లేని నేను
టీ నీళ్లు పెట్టే సాకుతో వంటింట్లోకి పోయినాను.

అక్కడ అప్పటికే హె జింగ్
నా చపాతీ కర్రతో పిండి పరుస్తాంది.
గిన్నెకంతా ఒకే పోగు.
తెగకుండా తింటే ఆయుష్షు అంత పొడుగంట.
ఆ సంగతి నీకెవరూ చెప్పలేదు.
మొదటి వాయికే పుటుక్కున కొరికినావు.

పద్నాలుగు గొంతులు ఒక్కసారి ఆగిపోయినాయి.
వాన ఒక్కటే మాట్లాడింది.
షు కాయ్ లేచి, రెండు పుల్లలతో
పులుసులో తెగిన కొసలు వెతికి
నాలుక కరుచుకుని
ముడేసినాడు.
మన పెళ్లిలో నువ్వేసిన మూడు ముళ్లలో
ఒక్కటైనా అంత కుదురుగా పడిందా, నిజం చెప్పు.

తర్వాత నా వంతు.
సూట్‌కేసు అడుగున దాచి తెచ్చిన రాగిపిండి,
సంగటి ముద్దలు, ఊరిబిండి.
నమలొద్దు, మింగండి, అన్నాను.
కొరికితే ఆయుష్షు తెగేది వాళ్ల పోగు,
నమిలితే మా అవ్వ మొట్టికాయ వేసేది మన ముద్ద.
కళ్లు మూసుకుని, గొంతు పట్టుకుని
ఒకరి వెనక ఒకరు మింగినారు.
చివర్న కూర్చున్న పిల్లోడి కళ్లల్లో నీళ్లు.
కారానికే అయ్యుంటుంది.

మనం వచ్చేసి ఆరేళ్లు.
వాళ్లతో మాట్లాడే ఆ పచ్చ యాప్ ఇక్కడ ఆగిపోయింది,
సగం మంది ఎక్కడున్నారో తెలీదు.
షు కాయ్ మాత్రం మెయిల్ రాస్తాడు,
ఏటా ఒకటే ప్రశ్న:
ముడి గట్టిగా ఉందా సార్?

తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా
అక్కడ నువ్వు ఒక ఏడు పెద్దోడివి,
ఇక్కడ ఇంకా కాలేదు.
ఈ రెండున్నర గంటలు ఎవరి రిజిస్టర్లోనూ లేవు,
నువ్వు పుట్టిన రాత్రి మాదిరే.
లేపుదామని చెయ్యి చాపి
ఉండనీలే అనుకుని
శేవల గొట్టానికి నూనె రాసి పెట్టినాను.
పొద్దున చూద్దాం,
ఈసారైనా కొరక్కుండా తింటావో లేదో.